కొర్రీకి వీసా అక్కర్లేదు

తెల్లవారుజామున బీచ్ రోడ్డులో వాహనాలు ఆపేసి నడిచేవాళ్లకు దారి వదిలినంతసేపు విశాఖపట్నంలో పింఛనుదారుల శాసనసభ నడుస్తుంది. కాళీమాత గుడి దగ్గర మొదలై కురుసుర జలాంతర్గామి దగ్గర వాయిదా పడుతుంది. ఒకప్పుడు చర్చాంశాలు చక్కెర, రక్తపోటు, కరువు భత్యం. ఇప్పుడు ఒక్కటే: విదేశాల్లో పిల్లల కాగితాలు.

మొన్న ఆ సభలో జర్మనీ ప్రభుత్వం మీద అభిశంసన తీర్మానం వచ్చింది. ప్రవేశపెట్టింది మా కాలనీ మాస్టారు. కంప్యూటర్ల మీద పదేళ్ల అనుభవం ఉన్న పిల్లవాడిని రండి రండి అని పిలిచి, తీరా వెళ్లాక నివాస అనుమతి కార్డు కోసం ఏడు నెలలు తిప్పుతారా అని ఆయన ఆవేదన. అందరూ తలలూపారు. నేనొక్కడినే వ్యతిరేకంగా చెయ్యెత్తాను. నా కొడుకు కూడా అదే దేశంలో అదే కార్డు కోసం వరసలో నిలబడి ఉన్నాడు. అయినా ఎత్తాను. ఎందుకంటే ఆ క్షణాన నేను తండ్రిని కాను. ముప్ఫై నాలుగేళ్లు ఒక ప్రభుత్వ కార్యాలయంలో కొర్రీలు వేసి సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసినవాడిని. ఏ కార్యాలయమో చెప్పను. అక్కడ నా పని ఒకటి పెండింగులో ఉంది.

కొర్రీ అంటే తెలియని అదృష్టవంతుల కోసం ఒక మాట. తెలుసుకోవడానికి అడిగేది ప్రశ్న. ఫైలు వెనక్కి పంపడానికి అడిగేది కొర్రీ. చేతకానివాడు వేసే కొర్రీకి జవాబు ఉండదు, దాంతో అర్జీదారు పై అధికారి దగ్గరకు పోతాడు. చెయ్యి తిరిగినవాడు వేసేదానికి జవాబు ఉంటుంది. ఆ జవాబు తెచ్చి బల్ల మీద పెట్టగానే దానిలోంచి ఇంకో కొర్రీ లేస్తుంది, రక్తబీజుడి నెత్తురు నేల మీద పడ్డట్టు. మా రోజుల్లో ఈ విద్యలో మాకు మేమే సాటి అనుకునేవాళ్లం. బావిలో కప్పలం.

మావాళ్లు వరసలో నిలబడింది అతి నైపుణ్యం ఉన్న విదేశీయులకు ఇచ్చే కార్డు కోసం. అసలు ఆ అతి నైపుణ్యం అన్న మాట తీసుకోండి. మన అమాయకులు అది పనిలో నేర్పు అనుకుంటారు. ఉక్కు కర్మాగారంలో పనిచేసిన ఒక ఫిట్టరును నేనెరుగుదును. స్క్రూడ్రైవరు మొన మోటారుకు ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని, బేరింగు ఇంకెన్నాళ్లు బతుకుతుందో చెప్పేవాడు. చెప్పిన వారానికి అది పోయేది. అటువంటి నేర్పును కాగితం మీద కొలవడం ఎలా? ఐరోపా సమాఖ్య 2009లో బ్లూ కార్డు అని పేరు పెట్టి ఈ కార్డు పద్ధతి తెచ్చింది, జర్మనీ 2012లో అమలులోకి తెచ్చుకుంది, చిక్కు విడిపోయింది. నైపుణ్యం అంటే జీతం. 2025 లెక్క ప్రకారం, డిగ్రీకి తగిన ఉద్యోగంలో ఏడాదికి 48,300 యూరోలు ఇస్తామని ఎవరైనా రాసిస్తే నువ్వు అతి నిపుణుడివి. మనుషులు చాలని వృత్తుల్లో అయితే 43,759 యూరోల 80 సెంట్లు చాలు.

ఆ 80 సెంట్ల దగ్గర ఒక్క నిమిషం ఆగండి. నేను ఒక పూటంతా ఆగాను. పింఛను బీమాకు లెక్కగట్టే జీతం పరిమితిలో ఇన్ని వంతులు అని చట్టంలో రాసుకున్నారు. ఆ ఏడాది పరిమితి 96,600, అందులో 45.3 శాతం కడితే లెక్క అక్కడ తేలింది. తేలినచోటే దిగి గుడారం వేశారు. మేమైతే నలభై నాలుగు వేలకు సరిచేసి ఊరుకునేవాళ్లం, మా పతనం అక్కడే మొదలైంది. సరిగ్గా 43,759 యూరోలు మాత్రమే వచ్చేవాడి గతి ఊహించండి. డెబ్బై ఎనభై రూపాయలు, అంటే జగదాంబ కూడలిలో పూట టిఫిను ఖరీదు తక్కువైంది. ఆ టిఫినుతో పాటే అతని నైపుణ్యమూ పోయింది. ఇక మా ఫిట్టరు ఊసెత్తకండి, ఆయనకు డిగ్రీ లేదు. కంప్యూటరు పనివాళ్లకు మాత్రం డిగ్రీ లేకున్నా గత ఏడేళ్లలో మూడేళ్ల అనుభవం చూపిస్తే చాలట. మోటారు చెప్పుకునే గుండె చప్పుడు విన్నవాడికి ఆ వెసులుబాటు లేదు.

డిగ్రీ ఉన్నవాళ్లకు ఆనాబిన్ అనే పట్టిక ఉంది. దేశదేశాల విశ్వవిద్యాలయాలన్నీ అందులో కొలువుతీరి ఉంటాయి. గుర్తింపు ఉన్నదానికి హెచ్ ప్లస్, లేనిదానికి హెచ్ మైనస్. ఇంతవరకు ఎవరైనా చేస్తారు. మూడోది కూడా ఉందని మావాడు ఫోనులో చెప్పినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను: హెచ్ ప్లస్ మైనస్. ఉన్నదీ కాదు, లేనిదీ కాదు! ఋగ్వేదంలో నాసదీయ సూక్తం తరువాత ఇంత మాట అనగలిగినవాళ్లను నేను చూడలేదు.

వీసా సంగతి ఎక్కువ చెప్పను. గోదావరి ఎక్స్‌ప్రెస్సులో రాత్రంతా కూర్చుని హైదరాబాదు వెళ్లడం, వేలిముద్రలు ఇచ్చి అదే బండిలో తిరిగి రావడం, అంతే. మా ఆవిడ కూడా వెళ్లి చిల్కూరులో వీసా బాలాజీకి 11 ప్రదక్షిణలు చేసింది. కోరిక తీరితే 108 బాకీ. వీసా వచ్చింది, మావాడు విమానం ఎక్కాడు. కార్డు మాత్రం రాలేదు. ఇప్పుడు కోరిక తీరినట్టా, తీరనట్టా? మొక్కు చెల్లించాలా, ఆపాలా? ప్రస్తుతానికి సగం, అంటే 54 చేసి మిగతావి కార్డు చేతికి వచ్చాక చేస్తానని దేవుడికి రాతపూర్వకంగా తెలపమన్నాను. ఆవిడ నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

అక్కడికి వెళ్లిన మనిషి ఇల్లు చేరిన రెండు వారాల్లో ఆ ఊరి రిజిస్టరులో పేరు రాయించుకోవాలి. రాయించుకోవాలంటే ఇంటి యజమాని సంతకం చేసిన పత్రం కావాలి. ఇల్లు కావాలంటే జీతం చీటీ, అప్పులు సక్రమంగా తీర్చే మనిషివన్న చీటీ చూపమంటారు. దిగి నాలుగు రోజులు కాలేదు, అప్పే పుట్టలేదు, తీర్చేది ఎక్కడ? జీతం పడాలంటే బ్యాంకు ఖాతా, ఖాతా తెరవాలంటే ఊరి రిజిస్టరులో పేరు. వలయం పూర్తయింది. మావాడు వాపోతుంటే నేను కాగితం మీద ఈ వలయాన్ని గీసి చూసుకున్నాను. ఎక్కడా అతుకు కనబడలేదు. మా కార్యాలయంలో ఎంత గట్టిగా కట్టినా ఒకచోట సందు మిగిలేది, ఆ సందులోంచే టీ డబ్బులు వచ్చేవి. వీళ్లు సందు పెట్టలేదు, టీ అడగలేదు. ఆశ లేకుండా తిప్పడం నిష్కామకర్మ. అది మావల్ల కాలేదు, ఒప్పుకుంటాను.

ఉత్తరాల పెట్టె సంగతీ చెప్పాలి. పన్ను నంబరు ఉత్తరంలోనే వస్తుంది, బ్యాంకు రహస్య సంఖ్య ఉత్తరంలోనే వస్తుంది. పెట్టె మీద పేరు లేకపోతే ఉత్తరం వచ్చిన దారినే పోతుంది. మావాడికి సింహాద్రి అప్పన్న పేరు, మా నాన్నగారి పేరు, జ్యోతిష్కుడు చెప్పిన అక్షరం అన్నీ కలిసి వచ్చేటట్టు నాలుగు మాటల పేరు పెట్టాను. ఆ పెట్టె మీద పేరు పెట్టే జాగా బొటనవేలంత. ఇంటిపేరు పట్టింది, అప్పన్న పట్టలేదు. రెండు ఉత్తరాలు వెనక్కి పోయాయి. ఫోటోల కథ ఇంకా చిన్నది. కొలత తప్పకుండా 35 మిల్లీమీటర్లు అడ్డం, 45 నిలువు కొలిచి, ఇక్కడ సీతమ్మధారలో పదహారు కాపీలు తీయించి సంచిలో పెట్టాను. 2025 మే నెల నుంచి అక్కడ కార్డులకు కాగితం ఫోటో పనికిరాదు, కంప్యూటరు ఫోటోయే కావాలి అన్నారు. ఆ పదహారూ ఇప్పుడు మా ఆవిడ పుస్తకాల్లో గుర్తుగా పెట్టుకుంటోంది.

ఇన్ని దాటాక దరఖాస్తు తీసుకున్నారు. కార్డు తయారయ్యేలోగా వీసా గడువు అయిపోతుంది కదా, అప్పుడు మనిషి ఎవరు? ఇక్కడే ఆ దేశం ప్రతిభ శిఖరం చేరింది. నివాస చట్టం 81వ సెక్షను కింద ఒక పత్రం ఇస్తారు. దాని పేరు ఫిక్త్‌సియోన్స్‌బెషైనిగుంగ్. మావాడు అర్థం చెప్పాడు: కల్పన ధ్రువపత్రం. అనుమతి ఉందని కాదు, ఉన్నట్టు అనుకుందాం అని. ప్రభుత్వమే సంతకం పెట్టి, ముద్ర వేసి, కథ అల్లుతోంది! నేను ఏటా ట్రెజరీలో బతికే ఉన్నానని పత్రం ఇచ్చి పింఛను తెచ్చుకుంటాను. ఇంతకాలం అదే ఈ రంగంలో పరాకాష్ఠ అనుకున్నాను. కాని మనది ఎంతైనా వాస్తవికవాదం. వాళ్లది సృజన.

ఈ కల్పనలోనూ రకాలున్నాయి. ఒక రకం చేతిలో ఉంటే దేశం దాటి తిరిగి రావచ్చు, ఇంకో రకంతో దాటితే గడప తొక్కనివ్వరు. మావాడిది దాటగలిగే రకమే, గడిలో టిక్కు కూడా ఉంది. అయినా పిన్ని కూతురి పెళ్లికి రాలేదు. విమానాశ్రయంలో కూర్చున్న ఉద్యోగికి ఆ టిక్కు అర్థమవుతుందో లేదో అని భయం. భోజనాల దగ్గర మాత్రం మా బంధువులంతా, అబ్బాయికి జర్మనీలో బ్లూ కార్డటగా అని నన్ను అభినందించారు. నేనూ వచ్చినట్టే అనుకుని నవ్వాను. కల్పన అంటువ్యాధి.

2024 అక్టోబరులో ఆ దేశం, భారతీయ నిపుణులకు ఇచ్చే వీసాలు ఏడాదికి 20,000 నుంచి 90,000కు పెంచుతామని ప్రకటించింది. తొంభై వేల శుభలేఖలు పంచి, వడ్డించడానికి ఒకే ఒక్క బావమరిదిని పెట్టినట్టుంది అని మాస్టారు ఎద్దేవా చేశారు. మాస్టారు పెళ్లిళ్లు చేసిన మనిషే, అయినా పెద్దరికం తెలియదు. మొదటి బంతిలోనే అందరికీ విస్తరి దొరికితే ఆ పెళ్లిని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? కార్డు వచ్చినవాళ్లకు శాశ్వత నివాసం కూడా ఉంది. ఏ1 అనే తొలి మెట్టు జర్మను వస్తే 27 నెలలకు, రెండు మెట్లు పైనున్న బీ1 వస్తే 21 నెలలకు. సత్ప్రవర్తనకు ఆరు నెలలు తగ్గింపు. ఈ తగ్గింపు కోసమే ద్వారకానగర్ మేడల మీద సాయంత్రాలు మన పిల్లలు గొంతులో ముల్లు ఇరుక్కున్నట్టు సాధన చేస్తున్నారు.

ఇంతవరకు నేను ప్రేక్షకుడిని. రెండు నెలల క్రితం పాత్రధారినయ్యాను. కోడలికి నెలలు నిండుతున్నాయి. వియ్యపురాలికి మోకాలి ఆపరేషను, ఆవిడ కదలలేదు. కాబట్టి మేమిద్దరం వెళ్లాలి. తొంభై రోజుల వీసాకు మనిషికి 90 యూరోలు, 30,000 యూరోల వరకు ఖర్చు భరించే ఆరోగ్య బీమా, ఇవి పర్వాలేదు. మా ఖర్చులకు తాను పూచీ అని మావాడు అక్కడ 29 యూరోలు కట్టి ప్రమాణపత్రం రాయబోతే, కల్పన పత్రం మీద నిజం ప్రమాణం కుదరదు, అసలు కార్డు వచ్చాక రా అన్నారట. న్యాయమే. పోనీ మా డబ్బే చూపిద్దాం అనుకుంటే, మేము విశాఖపట్నం తిరిగి వస్తామని రుజువు కావాలట. డెబ్బై ఏళ్లవాణ్ణి అక్కడ ఉండిపోయి ఏ బేరింగు బాగుచేస్తాను? అయినా రుజువు రుజువే. ఊళ్లో ఇల్లుంటే అంతకు మించిన రుజువు లేదని అందరూ అన్నారు.

ఇల్లుంది. కాకపోతే కాగితాల్లో అది ఇంకా మా నాన్నగారిది. ఆయన పోయి పదకొండేళ్లయింది. పేరు మార్పించండి అని మా ఆవిడ పదకొండేళ్లుగా చెబుతూనే ఉంది. మనవాళ్లే ఉన్నారు, ఎప్పుడైనా అవుతుంది అని నేను పదకొండేళ్లుగా చెబుతూనే ఉన్నాను.

వెళ్లాను. నా పాత సెక్షనే, నా పాత బల్లే. కూర్చున్నది నేను పని నేర్పినవాడే. లేచి దండం పెట్టాడు, టీ తెప్పించాడు, డబ్బులు తనే ఇచ్చాడు. ఫైలు తిప్పి, తల గోక్కుని అన్నాడు: "సార్, పాత పన్ను రసీదులో మీ నాన్నగారి పేరు ఒకలా ఉంది, మరణ ధ్రువపత్రంలో ఇంకోలా ఉంది. ఇద్దరూ ఒకరేనని పత్రం కావాలి."

"ఒకరే కదయ్యా, ఆయన నీకూ తెలుసు."

"తెలుసు సార్. మా పెళ్లికి కూడా వచ్చారు. కాని నాకు తెలిస్తే సరిపోదు, ఫైలుకు తెలియాలి."

గుండె నిండింది. ఆ వాక్యం నాదే. అయినా కోడలి ముఖం కళ్లముందు మెదిలి, ఈ నిబంధన ఎప్పుడు పెట్టారు అని అడిగాను. అతను బీరువా తెరిచి, దుమ్ము దులిపి, 1997 నాటి నోటు ఒకటి తీసి నా ముందు పెట్టాడు. అక్షరం ఒక్కటి తేడా ఉన్నా ఒకే వ్యక్తి ధ్రువపత్రం లేనిదే ఫైలు కదలరాదు. కింద సంతకం నాది.

అతను ఆ సంతకాన్నీ, ఇవాళ నా అర్జీ మీద పెట్టిన సంతకాన్నీ పక్కపక్కన పెట్టి కాసేపు చూశాడు.

"ఏమీ అనుకోకండి సార్, చిన్న అనుమానం" అంటూ ఎర్ర సిరా కలం మూత తీశాడు.