సవరణ: చలికాలంలో అటక మీద తడి

రేకుల ఇళ్ల గురించి పోయిన వారం పెట్టిన పోస్టులో ‘చలికాలం అటకలోని సందులన్నీ మూసేయండి’ అని ఉంది. అందులో ‘అన్నీ’ అనే మాట తీసేసి చదవండి. గదికీ అటకకీ మధ్య ఉన్న సందులే మూయాలి. చూరు కింద బయటికి తెరుచుకునే ఖాళీలను, అటకలోని తేమ బయటికి పోయేలా, అలాగే వదిలేయాలి.

ఒడిశాలోని కోరాపుట్, సెమిలిగుడ వైపు డిసెంబరు, జనవరి రాత్రుల్లో 10 డిగ్రీల కన్నా కిందికి పోవడం మామూలే. మబ్బు లేని రాత్రి రేకు తన వేడిని ఆకాశంలోకి వదిలేసి, బయటి గాలి కన్నా చల్లబడుతుంది. కింద గదిలో 20 డిగ్రీలు, 60 శాతం తేమ ఉందనుకోండి. ఆ గాలి 12 డిగ్రీల దగ్గరే నీరు కట్టడం మొదలుపెడుతుంది. వంట గదిలో కిలో గ్యాసు కాలితే దాదాపు కిలోన్నర నీటి ఆవిరి పుడుతుంది. అన్నం ఉడికేటప్పటి ఆవిరి, ఇంట్లో ఆరేసిన బట్టల తడి దీనికి అదనం. దారి దొరికితే ఇదంతా అటకెక్కుతుంది (సామెతలో లాగా కాదు, నిజంగానే).

కెనడా లాంటి చోట్ల ఇదే తేమ పైకప్పు మేకుల మీద మంచుగా పేరుకుని, ఎండ రాగానే కరిగి కారుతుంది. మన దగ్గర సాధారణంగా నేరుగా నీటి బొట్లే పడతాయి. వాన లేకపోయినా పొద్దున్నే బొట్లు పడుతుంటే, రేకుకి చిల్లు పడిందని పైన తారు పూయించడం దండగ. ఆ డబ్బుతో వంటింటికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించండి, గాలి బయటికే పోయేలా చూసుకోండి.