మెదడు గాయం కేసు ఆరు నెలల్లో తేలిపోవాలా?

ప్రమాదంలో మెదడుకు గాయమైనవాళ్ల పరిహారం కేసుల గురించి ఒక మెసేజ్ చాలాకాలంగా చేతులు మారుతోంది. అందులో ఉన్నదిది: "తలకు దెబ్బ తగిలిన కేసు ఆరు నెలల్లో తేలిపోవాలి. తేలలేదంటే ఫీజు కోసం లాయరు నానుస్తున్నట్టే. స్కాన్ నార్మల్‌గా ఉంటే కేసు నిలవదు. బీమా కంపెనీ ఇచ్చింది తీసుకుని సంతకం పెట్టేయండి. తర్వాత ఆరోగ్యం పాడైతే మళ్లీ అడగొచ్చు." ఇది చేరేది ఐసీయూ బయట కూర్చున్న కుటుంబాలకు. అప్పటికే దిక్కుతోచని స్థితిలో ఉన్నవాళ్లు దీన్ని నమ్మి సంతకం పెడితే, ఆ నష్టం జీవితాంతం మోయాల్సిందే. అందుకే ఒక్కో మాటకూ జవాబు చెప్పాలి.

మొదటిది ఆరు నెలల గడువు. పరిహారం సాధారణంగా ఒక్కసారే ఇస్తారు. ఆ ఒక్కసారిలోనే మిగిలిన జీవితమంతా లెక్కకు రావాలి: మళ్లీ ఉద్యోగం చేయగలడా, ఒంటరిగా ఉండగలడా, రోజుకు ఎన్ని గంటలు ఎవరో ఒకరు పక్కన ఉండాలి? తీవ్ర గాయం తర్వాత మెదడు మొదటి ఆరు నెలల్లో వేగంగా కోలుకుంటుంది. తర్వాత వేగం తగ్గుతుంది గానీ మెరుగుదల రెండేళ్ల దాకా, కొందరిలో ఆపైన కూడా సాగుతుంది. పరిస్థితి ఒక నిలకడకు వచ్చిందని డాక్టర్లు చెప్పకముందే లెక్క కడితే అది ఊహాగానమే. పిల్లల విషయంలో ఇది మరీ కష్టం. నాలుగేళ్ల వయసులో దెబ్బ తగిలిన పాప అప్పటికి మామూలుగానే కనిపించవచ్చు. పనిని ప్లాన్ చేసుకోవడం, కోపాన్ని అదుపులో పెట్టుకోవడం అవసరమయ్యే పన్నెండు, పదమూడేళ్లకు గానీ లోటు బయటపడకపోవచ్చు.

దెబ్బ చిన్నదై, మనిషి కొన్ని వారాల్లో కోలుకుని, తప్పు తమదేనని అవతలివాళ్లు ఒప్పుకుంటే కేసు త్వరగానే ముగుస్తుంది, నిజమే. దాన్నే అందరికీ కొలబద్ద చేయడం అన్యాయం.

ఇక స్కాన్. సీటీ స్కాన్ ముఖ్యంగా రక్తస్రావం, ఎముక విరగడం, వాపు లాంటివి పట్టుకుంటుంది. మెదడు కుదుపుకు లోనైనప్పుడు సన్నని నరాల తంతువులకు జరిగే నష్టం అందులో కనబడకపోవచ్చు. 'స్వల్ప గాయం' అన్న ముద్ర కూడా జనాన్ని పొరపాటు పడేలా చేస్తుంది. 1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెనెట్ అనే డాక్టర్లు తెచ్చిన, స్పృహ ఎంత ఉందో కొలిచే కోమా స్కేలులో 13 నుంచి 15 వస్తే స్వల్పం అంటారు. ఆ స్కేలు చూసేది మూడే: కళ్లు తెరుస్తున్నాడా, మాట్లాడుతున్నాడా, చెప్పినట్టు కదులుతున్నాడా. ఏడాది తర్వాత ఆఫీసులో పని చేసుకోగలడా లేదా అన్నది అది చెప్పలేదు.

అది తేల్చడానికి న్యూరోసైకాలజిస్టు, అంటే జ్ఞాపకం, ఆలోచన లాంటి మెదడు పనితీరును పరీక్షించే నిపుణుడు, చేసే పరీక్షలు ఉన్నాయి. వాటిలో ఒకదానిలో పదిహేను మాటలు చదివి వినిపించి, తిరిగి చెప్పమంటారు. అలా ఐదుసార్లు. మధ్యలో వేరే పనులు చేయించి, ఇరవై ముప్పై నిమిషాల తర్వాత మళ్లీ అడుగుతారు. పది నిమిషాలు చక్కగా కబుర్లు చెప్పి డాక్టరును మెప్పించిన మనిషి ఇక్కడ నాలుగైదు మాటల దగ్గరే ఆగిపోవచ్చు. వెంటవెంటనే పెడితే అలవాటు వల్ల మార్కులు పెరుగుతాయి, కాబట్టి మళ్లీ పరీక్షించడానికి నెలల ఎడం ఇస్తారు. సమయం పోయేది ఇలాంటి చోట్లే. ఇంట్లోవాళ్లు రాసే డైరీ కూడా గట్టి సాక్ష్యం. 'కుళాయి తిప్పి మర్చిపోయాడు, ఇద్దరు ఒకేసారి మాట్లాడితే లేచి వెళ్లిపోయాడు' అని ఏ రోజుదా రోజు తేదీ వేసి రాయాలి. గాయపడ్డ మనిషికి తన లోపం తనకే తెలియకపోవడం ఈ గాయంలో భాగం. "నాకేం కాలేదు" అని అతనే అంటాడు.

లాయరు నానుస్తున్నాడా? అలాంటివాళ్లు లేరని అనను. అడగాల్సిన ప్రశ్నలు ఇవి: ఏ రిపోర్టు కోసం ఆగాం, అది ఎవరు ఇవ్వాలి, తర్వాతి తేదీ ఎప్పుడు? సూటిగా చెప్పగలిగితే అనుమానం అక్కర్లేదు. తప్పెవరిదన్న వివాదం, అవతలి పక్షం పెట్టే సొంత నిపుణులు, నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉన్న మనిషి తరఫున రాజీ కుదిరితే దానికి కోర్టు ఆమోదం, వీటన్నిటికీ నెలలు పడతాయి.

అన్నిటికంటే ప్రమాదకరమైనది మెసేజ్‌లోని చివరి మాట, తర్వాత మళ్లీ అడగొచ్చన్నది. 'పూర్తి, తుది పరిష్కారం' అని రాసిన కాగితం మీద సంతకం పడితే ఆ తలుపు మామూలుగా మళ్లీ తెరుచుకోదు. తీవ్ర గాయమైన వారిలో కొందరికి మూర్ఛ (ఫిట్స్) ఏళ్ల తర్వాత మొదలవుతుంది. ఇంగ్లండులో ఇలాంటి ముప్పు ఉంటే తాత్కాలిక పరిహారం తీసుకుని, తర్వాత మళ్లీ వెళ్లే వీలును 1981 నాటి చట్టంలోని 32ఏ సెక్షను ఇస్తుంది. అయితే దాన్ని కేసులోనే అడిగి, తీర్పులో రాయించుకోవాలి. దానంతటది రాదు. డబ్బుకు కటకటగా ఉంటే సంతకం ఒక్కటే దారి కాదు. మధ్యంతర చెల్లింపుకు, అంటే కేసు నడుస్తుండగానే పరిహారంలో కొంత ముందుగా ఇవ్వడానికి, చట్టం వీలిచ్చే చోట దాన్ని అడగండి, ముఖ్యంగా తప్పు అవతలివాళ్లు ఒప్పుకున్నప్పుడు.

దీనికి తోడు "పూర్తిగా కోలుకున్నాకే కేసు వేయండి" అని సలహా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. అదీ తప్పే. రాజీకి ఆగవచ్చు గానీ కేసుకు ఆగకూడదు. కేసు వేయడానికి ఇంగ్లండులో సాధారణ గడువు మూడేళ్లు, కాలిఫోర్నియాలో రెండేళ్లు. కాలిఫోర్నియాలోనే ప్రభుత్వ సంస్థ మీదైతే ఆరు నెలల్లోపే క్లెయిము పెట్టాలి. పిల్లలకు, నిర్ణయాలు తీసుకోలేని వారికి మినహాయింపులు ఉంటాయి, అవి చోటును బట్టి మారతాయి. సీసీటీవీ ఫుటేజీకైతే అంత గడువు కూడా ఉండదు. చాలాచోట్ల కొద్ది రోజుల్లో, వారాల్లో పాతదాని మీద కొత్తది రికార్డయిపోతుంది. దాన్ని భద్రపరచమని కోరుతూ ఉత్తరం ఈ వారమే వెళ్లాలి.