విమానం వెళ్తోంది బావా!

విశాఖ ఎన్‌ఏడీ దగ్గర ఉండే మా పెద్దమ్మకి ఒక అలవాటుంది. అక్కడి నౌకాదళ విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగా రన్‌వే మీంచి విమానం లేచిందంటే మాట మధ్యలో ఆపేస్తుంది. "ఆ పిల్లకి కట్నం..." అని ఆగి, మోత తగ్గాక "...వద్దన్నార్ట" అని అక్కణ్ణుంచే అందుకుంటుంది. ఈలోగా ఊపిరి బిగబట్టాల్సింది వినేవాళ్లే.

2026 జనవరి 4న ఢిల్లీ నుంచి మొదటి ట్రయల్ విమానం మా భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టులో దిగింది. ఇక మన చెవులు పోయినట్టేనని ఊరంతా టెన్షన్. టీ కొట్టు దగ్గర రిటైరైన లెక్కల మాస్టారు బల్ల మీద ఒలికిన టీతోనే గీత గీసి చూపించారు. దిగే విమానం మూడు డిగ్రీల వాలులో వస్తుందట. రన్‌వేకి ఐదు కిలోమీటర్ల దూరంలో, సరిగ్గా దాని దారి కింద ఉన్నవాడి నెత్తి మీద సుమారు 260 మీటర్ల ఎత్తులో ఉంటుందట. పది డెసిబెల్స్ పెరిగితే చెవికి మోత రెట్టింపైనట్టు ఉంటుందట. "మరి పెళ్లి డీజేకో మాస్టారూ?" అని ఎవరో అడిగారు. ఆయన గ్లాసు పెట్టేసి వెళ్లిపోయారు.

నాకైతే భయం కన్నా ఆశే ఎక్కువ. శ్రీకాకుళం బావకి ఐదువేలు బాకీ మరి.

భోగికి ముందురోజు ఫోన్ రానే వచ్చింది. "ఏటి బావమరిదీ, నా డబ్బులేటైనాయి?"

"బావా, విమానం వెళ్తోంది, ఏమీ వినబడట్లేదు!" అని అరుస్తూ వంటింట్లోకి పరిగెత్తి మా ఆవిడకి సైగ చేశాను. కొబ్బరి పచ్చడికి అన్నీ జార్‌లోనే ఉన్నాయి. మిక్సీ మూడు మీద పెట్టింది. ఫోన్ జార్ పక్కన పట్టుకున్నాను. టేకాఫ్ అద్భుతంగా వచ్చింది.

కరెంటు పోయింది.

ఇల్లంతా నిశ్శబ్దం. ఫోన్లోంచి బావ నెమ్మదిగా అడిగాడు: "ఏటి, ఆకాశంలోనే ఆగిపోనాదా?"

నేను జవాబు వెతుక్కునేలోపే వెనకనుంచి మా ఆవిడ, "అయ్యో, పచ్చడి సగమే నలిగిందండీ!"

డబ్బు ఆ సాయంత్రమే పంపేశాను.

మొన్న బావ ఫోన్ చేసేసరికి నిజంగానే ఒక చిన్న విమానం మా డాబా మీదుగా పోతోంది. "బావా, ఒక్క నిమిషం, విమానం" అన్నాను.

"అలాగేలే, పచ్చడి నలిగాక చెయ్యి" అని పెట్టేశాడు.