పక్షాంతరం గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పక్షాంతరం గారికి,

సమీకరణంలో ఉన్నదాన్ని సమానం గుర్తుకి అటువైపు పంపే పద్ధతిగా ఏడో తరగతి లెక్కల్లో తమరు అడుగుపెట్టినప్పటి నుంచి మా పిల్లల నోట ఒకటే మంత్రం: 'అటు పంపితే గుర్తు మారుతుంది'. ఎందుకు మారుతుందిరా అంటే 'అటు పంపాం కదా' అంటారు. గోడ దూకిన ఎమ్మెల్యేనీ గుర్తు సంగతి ఎవరూ అడగరనుకోండి. కానీ అక్కడ 1985 నుంచి పార్టీ ఫిరాయింపుల్ని ఆపడానికి రాజ్యాంగంలో పదో షెడ్యూలని ఒకటుంది, పనిచేసినా చేయకపోయినా. తమరికి అదీ లేదు.

మొన్న ట్యూషన్లో ఒక పిల్లాడికి 3ఎక్స్ + 5 = 20 ఇచ్చాను. 5ని అటు పంపాడు, మైనస్ అయింది. 3ఎక్స్ = 15. భేష్. వెంటనే 3నీ పంపేశాడు. ఎక్స్ = 15 − 3 = 12. పాపం, మీ మాట జవదాటలేదు. ఆ 12ని మొదటి లైనులో పెట్టి చూస్తే 41 వస్తోంది. 'గుణించేది అటెళ్తే భాగిస్తుంది' అని మీ తరఫున సర్దిచెప్పాను. సరేనని −2ఎక్స్ = 8 అందుకున్నాడు. −2 అటెళ్లింది, భాగించింది, పనిలో పనిగా గుర్తూ మార్చుకుంది. ఎక్స్ = 4 అట! "గుర్తు మారాలి కదా సార్?" అన్నాడు. వాణ్ణేమనాలి?

నిజానికి ఆ 5 ఎక్కడికీ వెళ్లదు. రెండు వైపులా 5 తీసేస్తే ఎడమవైపున్న 5 సున్నా అయిపోయి 3ఎక్స్ మిగులుతుంది, కుడివైపు 15 మిగులుతుంది, అంతే. 3 ఉంటే రెండు వైపులా 3తో, −2 ఉంటే −2తోనే భాగిస్తాం. 9వ శతాబ్దంలో బాగ్దాదులో గణిత పండితుడు అల్ ఖ్వారిజ్మీ కూడా తీసివేతలో ఉన్నదాన్ని రెండు వైపులా కలిపే వదిలించుకున్నాడు. 1557లో రాబర్ట్ రికార్డ్ అనే గణితవేత్త సమానానికి రెండు సమాంతర గీతలు గీసింది, అంతకన్నా సమానమైనవి ఇంకేవీ ఉండవని. ఆ గీతల్నే తమరు దూకే గోడ చేశారు.

మీ గిరాకీ ఎక్కడిదో తెలుసు. 'రెండు వైపులా 5 తీసివేయగా' అని రాస్తే ఒక లైను ఎక్కువ. లైను ఎక్కువైతే టైము పోతుంది, టైము పోతే ర్యాంకు పోతుందని ఫౌండేషన్ కోర్సులు అమ్మేవాళ్ల టెన్షన్. ఫీజు కట్టి మరీ ఆ టెన్షన్ ఇంటికి తెచ్చుకుంటున్నాం. స్టెప్పులకి మార్కులుంటాయని చెప్పేదీ వాళ్లే, ఆ స్టెప్పు మింగేయమని నేర్పేదీ వాళ్లే!

మిమ్మల్ని పూర్తిగా పొమ్మనట్లేదు. పదో తరగతి వర్గ సమీకరణాల్లో లైనుకోసారి 'రెండు వైపులా' అని రాసే ఓపిక నాకూ లేదు. ఏడో తరగతిలో మాత్రం ఓ ఆర్నెల్లు సెలవు పెట్టండి. లీవ్ లెటర్ కావాలంటే నేనే రాసిపెడతాను.

ఇట్లు,
ఒక ట్యూషన్ మాస్టారు