నొప్పి ఎక్కడో కాదు, ఎన్ని గంటలకో అడగండి

పార్కిన్సన్స్ అనగానే మనకు వణుకే గుర్తొస్తుంది. తెల్లవారుజామున కాలి వేళ్లు లోపలికి ముడుచుకుపోయి, పిక్క రాయిలా బిగిసి మూలిగే పెద్దాయన బాధను మాత్రం ‘వయసు కదా’ అని వదిలేస్తాం.

చాలాసార్లు అది వయసు తెచ్చిన నొప్పి కాదు. రాత్రి వేసుకున్న లెవోడోపా, అంటే మెదడులో డోపమిన్‌గా మారే పార్కిన్సన్స్ మందు, ప్రభావం తెల్లారేసరికి అయిపోతుంది. కదలికలను అదుపు చేసే ఆ డోపమిన్ తగ్గి కండరాలు మెలి తిరుగుతాయి. పగలు కూడా తర్వాతి మాత్ర వేళ దగ్గరపడేకొద్దీ కొందరికి ఇదే అవస్థ. దీనికి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర మింగిస్తే అసలు కారణం అలాగే ఉంటుంది, కడుపులో పుండు, కిడ్నీల మీద భారం అదనం. న్యూరాలజిస్టు మాత్రల వేళలు, మోతాదు సరిచేస్తే తగ్గే అవకాశమున్న బాధ ఇది. అందుకే ఇంట్లో ముందు కావాల్సింది ఒక నోటుబుక్కు. మాత్ర ఎన్నింటికి వేశారు, నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు వదిలింది? వారం రోజులు రాసి డాక్టరు ముందు పెట్టండి. ఖరీదైన స్కానింగులో కనపడనిది ఆ పేజీలో కనపడుతుంది. సొంతంగా మోతాదు మార్చడం మాత్రం వద్దు. లెవోడోపా ఉన్నట్టుండి ఆపేస్తే ప్రాణం మీదకే రావచ్చు.

పట్టేసిన భుజం, వంగిపోయిన నడుము నొప్పి వేరు. వాటికి ఫిజియోథెరపీ, వేడి కాపడం, డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ పనికొస్తాయి.

‘మా ఊళ్లో న్యూరాలజిస్టు ఎక్కడున్నాడు? రాత్రిపూట ఆర్‌ఎంపీయే దిక్కు’ అంటారు. నిజమే, కాదనను. నా భయమంతా ఆ రాత్రి చేతిలో పెట్టే మాత్ర గురించే.

పారాసిటమాల్‌తో కలిపి ట్రమడాల్ అనే గట్టి నొప్పి మందు అమ్ముతారు. రసాజిలిన్, సెలెజిలిన్ అనే పార్కిన్సన్స్ మందులు వాడుతున్న రోగికి అది పడితే సెరటోనిన్ అనే మెదడు రసాయనం పెరిగిపోయి జ్వరం, బిగుతు, కలవరం రావచ్చు. అసలే మలబద్ధకంతో బాధపడే మనిషికి ట్రమడాల్‌తో ఆ బాధ ఇంకా ముదురుతుంది, మగతతో పడిపోయే ప్రమాదమూ ఉంది. నొప్పి మాత్రకు తోడుగా ‘గ్యాస్‌కు’ అని ఇచ్చే కొన్ని క్యాప్సూళ్లలో లెవోసల్పిరైడ్ ఉంటుంది. వాంతులకు మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్ చేస్తారు. ఈ రెండూ డోపమిన్‌కు అడ్డుపడేవే. నొప్పికని వెళ్లిన మనిషి మర్నాడు అడుగు తీసి అడుగు వేయలేకపోతే, ‘జబ్బు ముదిరింది’ అనుకుంటారు ఇంట్లోవాళ్లు!

2018లో ట్రమడాల్‌ను మత్తుమందులను కట్టడి చేసే ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి తెచ్చారు. అది మత్తుకు వాడకుండా వేసిన కట్టడి. రసాజిలిన్ వాడే తాతయ్యకు ఆ మాత్ర పడదని ఆయన మనవరాలికి చెప్పేదెవరు? మాత్రల షీటు వెనక ఉన్నదంతా ఇంగ్లిషు. చీటీ ఇంగ్లిషు, డిశ్చార్జి కాగితం ఇంగ్లిషు. తెలుగు రాష్ట్రాల్లో రోగికి మందు పేరు తెలుగులో చదువుకునే హక్కు లేకపోవడం నన్ను ఎప్పటినుంచో కలచివేస్తున్న విషయం. రేషన్ కార్డు మీద తెలుగు ఉంది, కరెంటు బిల్లు మీద ఉంది. ప్రాణంతో ముడిపడిన కాగితం మీద ఎందుకు ఉండదు?

పార్కిన్సన్స్ రోగికి మందులు రాసే ప్రతి ఆస్పత్రీ, పడని మందుల పేర్లు తెలుగులో పెద్ద అక్షరాలతో అచ్చేసిన కార్డు ఒకటి ఇవ్వాలి. జేబులో పట్టేంతది చాలు. మెడికల్ షాపులో మందు అడిగే ముందు ఆ కార్డే కౌంటర్ మీద పెట్టాలి.