ముందు బండి మీద అంత మమకారమెందుకు?

సిగ్నల్ పచ్చగా మారిన మరుక్షణమే వెనుక నుంచి హారన్ మోగించే పెద్దమనిషికి, తన ముందు పదిహేను బండ్లున్నాయనీ, అవి కదిలితే తప్ప తనది కదలదనీ తెలియదా? తెలుసు. అయినా మోగిస్తాడు. కూడలికి అవతల కాలు పెట్టే చోటు లేదని కనిపిస్తున్నా మధ్యలోకి దూసుకొచ్చి, అడ్డంగా నిలిచిపోయి, నాలుగు దిక్కులనూ బిగించేసి, తాపీగా ఫోన్ చూసుకునే మహానుభావుణ్ణి ఏమనాలి?

వీటన్నింటికన్నా నాకు ఒళ్లు మండేది, ముందు బండికి జానెడు ఎడం కూడా వదలకుండా అతుక్కుపోయే అలవాటు. 2008లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో జపాన్ పరిశోధకులు, 230 మీటర్ల చుట్టుకొలత గల వలయంలో 22 కార్లను గంటకు సుమారు 30 కిలోమీటర్ల వేగంతో నడపమన్నారు. అక్కడ సిగ్నల్ లేదు, గుంత లేదు, ప్రమాదమూ జరగలేదు; అయినా కాసేపటికే కొన్ని కార్లు పూర్తిగా ఆగిపోయాయి, ఆ ఆగుడు అలలా వెనక్కి పాకింది. ఒకరు బ్రేకును కాస్త తాకితే, వెనుకవారు మరికాస్త గట్టిగా నొక్కుతారు, ఆ వెనుకవారు ఏకంగా ఆపేస్తారు. తగినంత ఎడం ఉంటే ఆ కుదుపు అక్కడే ఇంకిపోతుంది.

కానీ ఎడం వదిలితే ఊరుకుంటారా? ఇండికేటర్ అయినా వేయకుండా (ఆ మీటను బహుశా అలంకారమనుకుంటారు) పక్క వరుసలోంచి ఎవరో దూరిపోతారు, నేను బ్రేకు వేస్తాను, నా వెనుక హారన్ మోగుతుంది. నిన్న అలా దూరిన కారు, తరువాతి సిగ్నల్ దగ్గర సరిగ్గా నా పక్కనే నిలబడి ఉంది.