ఇంటర్నెట్ ఫోన్ పెడితే కాల్స్ అన్నీ ఫ్రీ అట! ఆ మెసేజ్‌లో నిజమెంత?

వ్యాపారుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "ల్యాండ్‌లైన్ పీకేసి ఇంటర్నెట్ ఫోన్‌కి మారండి. కాల్స్ అన్నీ ఫ్రీ. పాత నంబరే ఉంటుంది. నెట్ స్పీడ్ ఉంటే చాలు. కంపెనీలన్నీ ఒకటే, చౌకది చూసుకోండి. ఫారిన్ కాల్స్ ఉంటే సిమ్ గేట్‌వే పెట్టుకోండి, ఐఎస్‌డీ ఖర్చు ఉండదు" అని దాని సారాంశం. ఆఫీసుల్లో ఫోన్ సిస్టమ్‌లు బిగించడమే నా పని. ఈ మెసేజ్ చూపించి "మాకూ ఇలాగే పెట్టండి" అనేవాళ్లు ఎక్కువైపోయారు. ఇంటర్నెట్ ఫోన్, అంటే మాటని టెలిఫోన్ తీగ బదులు నెట్ లైను మీద పంపే ఫోన్, మంచిదే, నేనూ పెట్టిస్తున్నాను. కానీ ఈ మెసేజ్‌ని నమ్మి పెట్టుకుంటే మాత్రం డబ్బు పోతుంది, ఒక్కోసారి కేసూ అవుతుంది.

ముందు ఫ్రీ సంగతి. ఒకే సిస్టమ్ మీదున్న రెండు బ్రాంచీలు మాట్లాడుకుంటే ఖర్చు లేదు, అంతవరకు నిజం. బయటి నంబర్‌కి వెళ్లే కాల్ మాత్రం ఏదో ఒక టెలికాం కంపెనీ లైను మీదుగానే వెళ్లాలి. మన దగ్గర చిన్న వ్యాపారాలు ఎక్కువగా తీసుకునేది క్లౌడ్ టెలిఫోనీ, అంటే ఫోన్ సిస్టమ్ మీ ఆఫీసులో కాకుండా కంపెనీ సర్వర్‌లో ఉంటుంది. కస్టమర్ ఆ సర్వర్ మీదున్న మీ నంబర్‌కి (వర్చువల్ నంబర్) చేస్తాడు, "తెలుగు కోసం 1 నొక్కండి" అని వినిపిస్తుంది, ఆ తర్వాత కాల్ మీ సేల్స్ అబ్బాయి మొబైల్‌కి వెళ్తుంది. ఈ రెండో కాల్ సర్వర్ కొత్తగా చేసేది. మామూలుగా దానికి నిమిషాల లెక్కన బిల్లు పడుతుంది. అంటే మీకు వచ్చిన కాల్‌కి కూడా మీరే కడుతున్నారు! పల్స్, అంటే బిల్లు లెక్కగట్టే కొలత, 60 సెకన్లయితే 5 సెకన్లలో పెట్టేసిన కాల్ కూడా నిమిషం కిందే లెక్క. పైన 18 శాతం జీఎస్టీ. రోజంతా ఫోన్ మోగే డయాగ్నస్టిక్ సెంటర్ లాంటి చోట నెల అద్దె కన్నా ఈ నిమిషాల బిల్లే పెద్దదవుతుంది. కొటేషన్‌లో ముందు చూడాల్సింది ఈ రేటే.

పాత నంబర్ ఉంటుందన్నది అమెరికా మాట. అక్కడ ల్యాండ్‌లైన్ నంబర్‌ని ఇంటర్నెట్ ఫోన్ కంపెనీకి మార్చుకోవచ్చు. మన దేశంలో పోర్టబిలిటీ మొబైల్ నంబర్లకే. హైదరాబాద్ 040 నంబర్‌ని ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి పట్టుకెళ్లలేరు. షాపు బోర్డు మీద, బిల్లు పుస్తకాల మీద, పాత కస్టమర్ల డైరీల్లో ఉన్న నంబర్‌ని ఒక మెసేజ్ చూసి సరెండర్ చేయకండి. ఆ లైను అలాగే ఉంచి కొత్త సిస్టమ్‌కి కలుపుకోవచ్చు.

ఇక స్పీడ్. మాటని డేటాగా మార్చే పద్ధతిని కోడెక్ అంటారు. మామూలుగా వాడే జీ.711 కోడెక్‌లో ఒక కాల్‌కి అటూ ఇటూ 90 కేబీపీఎస్ దాకా సరిపోతుంది. 10 కాల్స్ ఒకేసారి నడిచినా 1 ఎంబీపీఎస్ దాటదు. కాబట్టి 100 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నంత మాత్రాన మాట స్పష్టంగా వినిపించదు. మాట అవతలికి చేరడానికి 150 మిల్లీసెకన్లు మించకుండా ఉంటే మంచిదని అంతర్జాతీయ టెలికాం యూనియన్ చెబుతుంది. దానికి తోడు ప్యాకెట్లు, అంటే మాటని మోసే చిన్న చిన్న డేటా ముక్కలు, మధ్యలో పోకూడదు, ఒకటి ముందు ఒకటి వెనక రాకూడదు. ఒక క్లినిక్‌లో ఫైబర్ లైనే ఉన్నా, స్కాన్ ఫైళ్లు అప్‌లోడ్ అయ్యే టైముకి రిసెప్షన్‌లో అమ్మాయి మాట ముక్కలు ముక్కలుగా వినిపించేది. పేషెంట్లు "హలో, హలో" అని పెట్టేసేవాళ్లు. రౌటర్‌లో వాయిస్‌కి ప్రయారిటీ ఇచ్చాక సర్దుకుంది, ప్లాన్ పెంచలేదు. అలాగే మన మాట వాళ్లకి వినబడి వాళ్ల మాట మనకి రాకపోతే, చాలాసార్లు రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ అనే సెట్టింగ్ (ఇంటర్నెట్ కాల్స్ డేటాలో మార్పులు చేసేది) ఆఫ్ చేస్తే చాలు. కరెంటు సంగతి కూడా ఉంది. పాత రాగి తీగకి పవర్ ఎక్స్ఛేంజ్ నుంచే వచ్చేది. ఇప్పుడు ఫైబర్ డబ్బా, రౌటర్, స్విచ్, ఫోన్లు అన్నీ యూపీఎస్ మీద ఉండాలి. ఒక్కటి మిస్సయినా కరెంటు పోగానే ఫోన్ మూగబోతుంది.

కంపెనీలు సరే, అసలు పద్ధతులే ఒకటి కాదు. కాల్స్ ఎక్కువ ఉండి ఒకేచోట కూర్చునే సిబ్బందికి సొంత ఐపీ పీబీఎక్స్ (ఆఫీసులోనే ఉండే, నెట్ మీద నడిచే చిన్న ఎక్స్ఛేంజ్), దానికి సిప్ ట్రంక్ (బయటి కాల్స్ కోసం టెలికాం కంపెనీ నెట్ మీద ఇచ్చే లైను) లాభం. ఒకేసారి 30 కాల్స్ నడిపే పాత పీఆర్ఐ లైను చేసిన పనిని ఇప్పుడు ఆ ట్రంక్ చేస్తుంది. తిరుగుడు ఉద్యోగాలవాళ్లకి క్లౌడ్ మేలు. పీబీఎక్స్ నడపడానికి ఆస్టరిస్క్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, కానీ చూసుకునే మనిషి ఉండాలి. ఎక్స్‌టెన్షన్ (ఆఫీసులో ఒక్కో ఫోన్‌కి ఇచ్చే లోపలి నంబర్) పాస్‌వర్డ్ 1234 అని వదిలేస్తే రాత్రికి రాత్రి ఎవడో దూరి విదేశీ నంబర్లకి కాల్స్ చేస్తాడు, బిల్లు మీ పేరున వస్తుంది. అవసరం లేకపోతే ఐఎస్‌డీ లాక్ చేయించండి.

అన్నిటికన్నా ప్రమాదం ఆఖరి మాట. సిమ్ గేట్‌వే అంటే చాలా సిమ్‌లు పెట్టుకుని నెట్ కాల్స్‌ని మొబైల్ కాల్స్‌గా మార్చే డబ్బా. విదేశాల నుంచి నెట్‌లో వచ్చిన కాల్స్‌ని దాంతో లోకల్ కాల్స్‌గా తిప్పడం అక్రమ ఎక్స్ఛేంజ్ నడపడమే. హైదరాబాద్‌లోనూ పోలీసులు ఇలాంటివి పట్టుకున్నారు. అనుమతి లేకుండా టెలికాం సేవ నడిపితే 3 ఏళ్ల వరకు జైలు, లేదా 2 కోట్ల వరకు జరిమానా, లేదా రెండూ అని 2023 టెలికమ్యూనికేషన్ల చట్టంలో ఉంది. లైసెన్సున్న కంపెనీ ఇచ్చిన నంబర్ మీద ఇంటర్నెట్ కాల్స్‌కి మన దేశంలో 2018లోనే అనుమతి వచ్చింది. ఆ దారి ఉండగా ఈ గేట్‌వే పెట్టమని ఎవరైనా వస్తే, ఆ కాల్స్ ఏ లైసెన్సు మీద వస్తాయో కాగితం మీద రాసి ఇమ్మనండి.